పుట్టీ వట్టి రేకు మీదా, ఎపాక్సీ మీదా? గోదావరి గాలికి ఏది నిలుస్తుంది

సొట్ట తీసిన కారు డోరుకి పుట్టీ ఎలా పెట్టాలని అమలాపురంలో ఒక షెడ్డులో అడిగితే ఒక మాట, భీమవరంలో ఇంకో షెడ్డులో అడిగితే దానికి పూర్తిగా ఎదురు మాట వినిపిస్తుంది. "రేకు తెల్లగా మెరిసేదాకా గీకి దాని మీదే పెట్టాలండి, అప్పుడే పట్టు" అంటారు పాత మేస్త్రీలు. "ముందు ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి, పుట్టీ ఆ పైన" అంటారు ఈమధ్య పని నేర్చుకున్న కుర్రాళ్లు. మధ్యలో బండి ఓనరుకి టెన్షన్. నిజానికి రెండు పద్ధతుల్లోనూ ఏళ్ల తరబడి చెక్కుచెదరని పనులున్నాయి, ఏడాది తిరక్కుండా పొంగిపోయినవీ ఉన్నాయి.

నా లెక్క ముందే చెప్పేస్తాను. రేకు బయటపడిన దగ్గర్నుంచి పుట్టీ అరగదీసి ప్రైమర్ కొట్టేదాకా పనంతా ఒక్క పొడి రోజులో అయిపోతుందంటే వట్టి రేకు మీదే పెట్టించుకోండి, డబ్బూ టైమూ మిగులుతాయి. రేకు ఒక్క రాత్రయినా బయట పడి ఉంటుందనుకుంటే మాత్రం ఎపాక్సీ ముందు పడాల్సిందే. పట్టు గురించి జరిగే వాదన చాలావరకు వృథా. మన దగ్గర పనిని పాడుచేసేది గాలిలో తేమ, ఉప్పు, వాటికి మనం ఇచ్చే టైము.

ముందు ఈ రెండు సరుకుల సంగతి. పుట్టీ అని నేనంటున్నది ట్యూబులో వచ్చే హార్డనర్ (గట్టిపరిచే మందు) కలిపి వాడే పాలిస్టర్ బాడీ ఫిల్లర్‌ని. హార్డనర్ కలపకుండా డబ్బాలోంచి తీసి నేరుగా రాసే ఎన్‌సీ పుట్టీ వేరే సరుకు, అది సన్న గీతలకీ సూదిబెజ్జాలకీ తప్ప పనికిరాదు, మందంగా పెడితే ఆరేకొద్దీ కుంగుతుంది. పాలిస్టర్ ఫిల్లర్‌లో రెజిన్ అనే జిగురు, స్టైరీన్ అనే ద్రావకం, వాటితో పాటు చాలా ఎక్కువ పాళ్లలో టాల్క్ పొడి ఉంటాయి. ఆ టాల్క్ వల్లే అది సుఖంగా అరుగుతుంది, దాని వల్లే తేమనీ పీల్చుకుంటుంది. అంటే పుట్టీ ఎంత గట్టిపడినా దానికదే నీటిని ఆపలేదు. ఎపాక్సీ ప్రైమర్ దీనికి పూర్తిగా వేరు. రెజిన్, హార్డనర్ కలిపి కొడితే సందుల్లేని పొర కడుతుంది, శుభ్రమైన రేకుని గట్టిగా పట్టుకుంటుంది, తేమని చాలావరకు బయటే ఆపుతుంది. కొత్త కారు బాడీని ఫ్యాక్టరీలో ముంచి తీసే ఈ-కోట్ కూడా ఎక్కువగా ఎపాక్సీ జాతిదే. కంపెనీవాళ్లు వట్టి రేకు మీద రంగు వెయ్యరని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

వట్టి రేకు మీద పెడితే

దీనికి ఉన్న పెద్ద బలం, చాలా ఫిల్లర్ కంపెనీలు డబ్బా మీద రాసేది ఇదే. 80 నంబరు గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) గీరిన రేకు మీద గీతలు లోతుగా పడతాయి, పుట్టీ ఆ గీతల్లోకి దిగి పట్టుకుంటుంది. గ్రైండర్ డిస్కుతో నున్నగా మెరిపించిన రేకు మీద ఈ పట్టు ఉండదు. గీరకుండా మెరుగు మాత్రమే పెట్టి "రేకు తెల్లగా ఉంది కదా" అనేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఇంకో బలం టింకరింగ్‌కి, అంటే సొట్టలు కొట్టి తీసే పనికి సంబంధించింది. సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) పట్టుకుని పని చేసేవాడికి రేకు కనబడుతూ ఉండాలి. పుట్టీ పెట్టి ఒక చుట్టు బ్లాకు (గరుకు కాగితం చుట్టిన దిమ్మ) లాగాక ఎక్కడో గుబ్బ మెరిసిందనుకోండి, దాన్ని అక్కడికక్కడే కొట్టి దించేస్తాడు. ఎపాక్సీ పడ్డాక సుత్తి పడితే ఆ చోట పొర దెబ్బతింటుంది, మళ్లీ కొట్టాలి. కాబట్టి సొట్టలు నూటికి నూరుపాళ్లు తేలకముందే ఎపాక్సీ కొట్టేసే షెడ్డు కంటే, రేకు మీద ఓపిగ్గా పని చేసే మేస్త్రీయే నయం.

ఇక బలహీనత. ఇనుము చుట్టూ గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం అందుకుంటుంది. రేకు మీద ఉప్పు చేరితే ఇంకా తక్కువ తేమకే మొదలవుతుంది. ఓడలరేవు, అంతర్వేది, ఉప్పాడ వైపు పొద్దున్న గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సాయంత్రం గ్రైండర్ పెట్టిన డోరుని రాత్రి షెడ్డులో వదిలేసి తెల్లారి చూడండి. కుర్రాడు చెయ్యి ఆనించిన చోట అయిదు వేళ్లూ కాషాయం రంగులో అచ్చుపడి ఉంటాయి. చెమటలో ఉప్పు, రాత్రి గాలిలో చెమ్మ, అంతే. మిగతా రేకు మీద కంటికి కనబడని పలచటి పొర ఉంటుంది, గుడ్డ పెట్టి తుడిస్తే లేత గోధుమరంగు అంటుతుంది. పుట్టీ ఆ పొర మీద పడిందంటే రేకుని పట్టుకోలేదు, తుప్పుని పట్టుకుంది. రాత్రి ఆగిపోయిన పని పొద్దున్నే మళ్లీ గీరకుండా మొదలుపెడితే వట్టి రేకు పద్ధతి అక్కడే ఓడిపోతుంది.

ధనుర్మాసంలో ఇది మరీ ఎక్కువ. సంక్రాంతికి బండి కావాలని జనం వరసకడతారు, షెడ్డులో చోటు లేక తలుపులు వరండాలో ఆరబెడతారు, మంచు నేరుగా రేకు మీద కురుస్తుంది. రంగు పనికి ఒక పాత నియమం ఉంది. గాలిలో తేమ మంచు బొట్లుగా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే రేకు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. దాన్ని మీటరు పెట్టి కొలిచే షెడ్లు మన దగ్గర తక్కువే గానీ, పొద్దున్న తొమ్మిది దాటి ఎండ కాస్త ఎక్కేదాకా స్ప్రే గన్ పట్టుకోని మేస్త్రీ ఆ నియమం తెలియకుండానే పాటిస్తున్నట్టు.

ఎపాక్సీ మీద పెడితే

రేకు శుభ్రం చేసి, 80తో గీరి, అదే పూట ఎపాక్సీ రెండు కోట్లు కొడతారు. ఇక ఆ రేకుకి గాలితో పని లేదు. టింకర్ రేపు రాకపోయినా, కరెంటు పోయి కంప్రెసర్ ఆగినా, తుపాను పట్టి మూడు రోజులు వాన కొట్టినా బండి క్షేమంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మనకి ఇది చిన్న లాభమేం కాదు.

పుట్టీ పెట్టేముందు ఎపాక్సీ బాగా గట్టిపడాలి. అది నిదానంగా గట్టిపడే సరుకు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, గోరు పెట్టి నొక్కితే అచ్చు పడుతుంది. ఆ దశలో పుట్టీ పెడితే లోపల చిక్కిన థిన్నర్ బయటికి పోలేదు, పైన స్టైరీన్ మెత్తటి పొరని తినేస్తుంది. ఎక్కువ రకాలకి ఒక రాత్రి, చల్లటి రోజుల్లో అంతకంటే ఎక్కువ ఆగాలి. కొన్ని రకాలు కలిపాక గన్‌లో పొయ్యకుండా 15 నుంచి 30 నిమిషాలు పక్కన పెట్టమంటాయి. పై కోటు గడువు కూడా ఉంటుంది, ఆ గడువు లోపలైతే కొన్నిటి మీద గీరకుండానే పుట్టీ పెట్టొచ్చు, దాటితే 180 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా గీరాలి. గడువు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి డబ్బా తిప్పి చదవాలి. నా సలహా ఏంటంటే, గడువు లోపలున్నా సరే ఒక చుట్టు గీరించండి, పోయేదేం లేదు.

అయితే పుట్టీని బ్లాకుతో లాగేటప్పుడు అంచుల దగ్గర చుట్టుపక్కల ఎపాక్సీ కూడా అరిగిపోతుంది. 80తో మొదలుపెట్టి 120, 180కి వచ్చేసరికి పుట్టీ చుట్టూ, గుబ్బల మీదా రేకు మళ్లీ మెరుస్తూ కనిపిస్తుంది. అంటే కిందంతా ఎపాక్సీ ఉందని ధీమా పడ్డారు గానీ, అసలు బలహీనమైన చోటైన పుట్టీ అంచు దగ్గరే అది లేదు. అందుకే ఎపాక్సీ మీద పుట్టీ పెట్టించినా, అరగదీశాక ఇంకో కోటు ఎపాక్సీ పైన పడాలి, సర్ఫేసర్ (రంగుకి ముందు నునుపు కోసం కొట్టే ప్రైమర్) ఆ తర్వాత. ఈ రెండో కోటు ఎగ్గొట్టి "కింద కొట్టాం కదండీ" అనే షెడ్డులో మీరిచ్చిన ఎపాక్సీ డబ్బులు సగం వృథా.

దీన్నే తిరగేసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వట్టి రేకు మీద పుట్టీ పెట్టినా పైన మొత్తం ఎపాక్సీతో కప్పేస్తే పైనుంచి తేమ దిగే దారి మూసుకుంటుంది. మంచి షెడ్లలో రెండు పద్ధతుల మధ్య తేడా మనం అనుకున్నంత ఉండకపోవడానికి కారణం ఇదే. అలాంటి షెడ్లలో పై కోటు అందరూ కొడతారు, కింద కోటు దగ్గరే వాదన.

ఈ రెండూ కాని మూడో రకం

చాలాచోట్ల నిజంగా జరిగేది ఈ రెండూ కాదు. మిగిలిపోయిన రెడ్ ఆక్సైడ్ ఒక చేయి కొట్టి దాని మీద పుట్టీ పెడతారు, లేదా పాత రంగుని కాస్త గరుకు చేసి దాని మీదే పూస్తారు. హార్డనర్ లేని ప్రైమర్లని స్టైరీన్ మెత్తబరుస్తుంది, పొర ముడతలు పడి లేస్తుంది. గేట్లకీ గ్రిల్సుకీ రెడ్ ఆక్సైడ్ బాగానే ఉంటుంది, కారు డోరు మీద పుట్టీ కింద మాత్రం వద్దు.

ఎచ్ ప్రైమర్, వాష్ ప్రైమర్ అనేవాటిల్లో ఆమ్లం ఉంటుంది. వాటి మీద నేరుగా పాలిస్టర్ పుట్టీ పెడితే ఆ ఆమ్లం పుట్టీ గట్టిపడటాన్ని చెడగొడుతుంది. తుప్పు మీద పూసే కెమికల్ విషయమూ ఇంతే. వాటిల్లో ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, పూసి వదిలేసి పైన ఎపాక్సీ కొడితే ఎపాక్సీ కూడా సరిగ్గా పట్టదు. తుప్పుని కెమికల్‌తో నల్లగా మార్చి సంతోషపడే కంటే, గీకి రేకు తేల్చడం మేలు. గీకితే బెజ్జం పడే రేకైతే దాని పని పుట్టీతో అయిపోయినట్టే, ముక్క కోసి వెల్డింగ్ చేయించాలి.

నీళ్ల బకెట్ సంగతి

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. వట్టి రేకా, ఎపాక్సీయా అని తెగ ఆలోచించి ఎంచుకున్న పనిని ఈ బకెట్ ఒక్కటే చెడగొట్టేయగలదు.

మన షెడ్లలో పుట్టీని వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ అరగదీసే అలవాటు పాతది. దుమ్ము లేవదు, కాగితం ఎక్కువసేపు వస్తుంది, చేతికి సుఖం. కానీ పాలిస్టర్ పుట్టీ నీటిని పీలుస్తుందని చెప్పుకున్నాం కదా. నీళ్లు పోస్తూ రుద్దినంతసేపూ అది తాగుతూనే ఉంటుంది. కింద వట్టి రేకు ఉంటే ఆ నీళ్లు అంచుల నుంచి, సూదిబెజ్జాల నుంచి నేరుగా ఇనుము దగ్గరికి చేరతాయి. తర్వాత అరగంట ఎండలో పెట్టి "ఆరిపోయిందండి" అంటారు. పైన ఆరింది, లోపల ఆరలేదు. దాని మీద ప్రైమర్, రంగు, మెరుపు కోసం కొట్టే లక్కర్ పడ్డాక లోపలి చెమ్మకి బయటికొచ్చే దారి లేదు.

దీనికి తోడు మన బోరు నీళ్లు. సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో బోరు తిప్పితే వచ్చేది చాలాచోట్ల ఉప్పునీళ్లే. నీళ్లు ఎలాగోలా ఆవిరైపోయినా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రంగు కింద ఉన్న ఉప్పు బయటి తేమని పొరలోంచి లోపలికి లాగుతుంది, కొన్నాళ్లకి ఆవగింజంత పొక్కులు గుంపుగా లేస్తాయి. ఓనరు పెయింట్ బాలేదంటాడు, పెయింటర్ పుట్టీ బాలేదంటాడు, షాపువాడు గాలి బాలేదంటాడు. బకెట్ పేరు ఎవరూ ఎత్తరు.

కాబట్టి పుట్టీ దశంతా పొడిగానే అరగదీయాలి. దుమ్ముకి మాస్కు పెట్టుకోవాలి, కాగితం రెండింతలు ఖర్చవుతుంది, తప్పదు. నీళ్లు వాడాలనుంటే ఎపాక్సీతోనో, హార్డనర్ కలిపిన సర్ఫేసర్‌తోనో పుట్టీని పూర్తిగా కప్పేశాక 400, 600 కాగితాల దగ్గర వాడుకోవచ్చు, అదీ మంచినీళ్లతో. మీ షెడ్డు నీళ్ల పద్ధతి వదలనంటే పుట్టీ కింద ఎపాక్సీ వేయించుకోవడం కొంత రక్షణే. కనీసం ఆ నీళ్లు రేకుదాకా పోవు. అరిగి రేకు తేలిన అంచుల దగ్గర ఆ రక్షణ కూడా ఉండదు.

ఏ బండికి ఏది

చిన్న సొట్ట, తుప్పు లేదు, రావులపాలెమో తణుకో లాంటి లోపలి ఊరు, ఏప్రిల్, మే నెలలు, కాలువలు కట్టేసిన రోజులు. ఇలాంటప్పుడు వట్టి రేకు మీద పుట్టీ హాయిగా పెట్టించండి. ఎండాకాలంలో ఇబ్బంది వేరే. పుట్టీ చేతిలోనే గట్టిపడిపోతుంది, మేస్త్రీ కంగారులో ఎక్కువ కలిపేసి సగం పారేస్తాడు. వంద గ్రాముల పుట్టీకి రెండు గ్రాముల హార్డనర్ మామూలు లెక్క, ఎండలో కొద్దిగా తగ్గించినా ఒక గ్రాముకి దిగకూడదు, వానల్లో తొందర కోసం మూడు దాటించకూడదు. ఎక్కువ పడితే హార్డనర్‌లో ఉండే పెరాక్సైడ్ పైకి తేలి తెల్ల కారు మీద పసుప్పచ్చటి మరకలు వేస్తుంది. ఎన్ని కోట్లు కొట్టినా ఆ మరక మళ్లీ మళ్లీ తేలుతుంది.

చక్రం పైన అంచు, డోరు అడుగు, రన్నింగ్ బోర్డు లాంటి చోట్ల తుప్పు తిని ఉంటే ఏ ఊరైనా, ఏ నెలైనా ఎపాక్సీ ముందు. గీకిన రేకులో సన్నటి గుంటల అడుగున తుప్పు కణం మిగిలే ఉంటుంది, దాన్ని ఎపాక్సీతో మూయకుండా పుట్టీ పెట్టడం అనవసరపు ధైర్యం. వెల్డింగ్ అతుకుల మీద మాత్రం మామూలు పుట్టీ కంటే ఫైబర్ కలిసిన ఫిల్లర్ ముందు పొరగా పెట్టాలి, దానికి నీరు తక్కువ ఎక్కుతుంది.

ఆకివీడు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలే బొలేరోలు, టాటా ఏస్‌ల సంగతి వేరు. ట్రేల కింద నుంచి ఐస్ నీళ్లు ఉప్పుతో కలిసి రోజూ కారుతుంటాయి, వెనక తలుపు మడతల్లో, బాడీ అడుగు అంచుల్లో నిలుస్తాయి. అలాంటి బండి తొట్టికి అసలు పుట్టీ ఎందుకని నా ప్రశ్న. సొట్ట కనబడితే కనబడనివ్వండి, ఎపాక్సీ కొట్టి పైన రంగు వేయించి వాడుకోండి. క్యాబిన్ డోర్లకి మాత్రం ఎపాక్సీ, పలచటి పుట్టీ, మళ్లీ ఎపాక్సీ.

పాత జీపో అంబాసిడరో మొత్తం రంగు తీసి చేయిస్తున్నారా? ఆలోచన అక్కర్లేదు, ఎపాక్సీయే. ఇలాంటి పని నెలల తరబడి సాగుతుంది, ఒక్కో భాగం రేకు తేలిన రోజే మూసేయాలి. కొత్త డోరు కొని బిగిస్తుంటే దాని మీది నల్ల పూత గీకించకండి. ఒక మూల థిన్నర్ గుడ్డతో రుద్ది చూడండి. కరిగి గుడ్డకి అంటుకుంటే అది రవాణా కోసం వేసిన రంగు, తీసేయాలి. అంటకపోతే మంచి ఈ-కోట్, గరుకు చేసి దాని మీదే పని సాగించొచ్చు. జింకు పూత ఉన్న రేకు అయితే మామూలు పుట్టీకి అక్కడ పట్టు అనుమానమే. జింకు రేకుకి పనికొస్తుందని డబ్బా మీద రాసిన ఫిల్లర్ వాడాలి, లేదంటే ఎపాక్సీ మీద పెట్టాలి. అల్యూమినియానికీ ఎపాక్సీ ముందు ఉంటేనే మంచిది.

ఏ పద్ధతి ఎంచుకున్నా రేకు వెనక వైపు మర్చిపోతారు. డోరు లోపల, మడ్‌గార్డు అడుగున వెల్డింగ్ వేడికి పాత పూత కాలిపోయి ఉంటుంది. ముందు వైపు ఎంత ఎపాక్సీ కొట్టినా వెనక నుంచి తుప్పు మొదలై, పుట్టీని బయటికి తోస్తుంది. పుట్టీ పొంగిందని తిట్టుకునే కేసుల్లో చాలా ఇలాంటివే. లోపలికి సన్నటి గొట్టంతో మైనం స్ప్రే చేయించండి, అడుగున నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోలేదని వేలుపెట్టి చూడండి.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు "మీరు ఎపాక్సీ వాడతారా" అని అడిగితే "వాడతామండి" అనే జవాబే వస్తుంది. అలా కాకుండా ఇలా అడగండి: "మేస్త్రిగారూ, ఇవాళ సాయంత్రానికి రేకు మూసేస్తారా, రేపటికి ఉంటుందా?" "రేపటికి ఉంటుందండి" అంటే "అయితే ఎపాక్సీ డబ్బా, దాని హార్డనర్ నేను తెచ్చిస్తాను, రాత్రికి కొట్టించి వదిలేయండి" అని చెప్పొచ్చు. ఎవరికీ కష్టంగా ఉండదు. పుట్టీ పెట్టేముందు ఒకటి, అరగదీశాక ఒకటి ఫోటో పంపమని కూడా అడగండి. మందం మూడు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి. అంతకంటే ఎక్కువ కావాల్సి వస్తోందంటే టింకరింగ్ పూర్తికాలేదన్నమాట. డెలివరీ అప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి, పక్క డోరుకి గట్టిగా అతుక్కుని ఇక్కడ జారిపోతుంటే లోపల ఎంత పూశారో తెలిసిపోతుంది.

ఇప్పటికే పొక్కులొచ్చిన పని చేతిలో ఉంటే, వాటిని మాత్రం చిదిమి పైన పూసే రిపేరుకి ఒప్పుకోకండి. ఆ ప్యాచ్ మొత్తం రేకుదాకా తీసేయాలి. తీసేటప్పుడు పక్కనుండి చూడండి. పుట్టీ పెచ్చుగా ఊడి కింద రేకు మెరుస్తుంటే గీరడం చాలలేదు. అడుగున గోధుమరంగు పలచగా అంటి ఉంటే రాత్రి వదిలేసిన రేకు. లోతుగా నల్లటి గుంటలుంటే వెనక నుంచి వచ్చిన తుప్పు, అప్పుడు డోరు ట్రిమ్ కూడా విప్పించాలి.